అమెరికాలో చట్టం ఎవరు రాస్తారు, మన మాట ఎక్కడ చెప్పాలి?

మీ ప్రశ్న ఇది: "డల్లాస్ దగ్గర ఉంటున్నాను. గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్లు దాటింది, పౌరసత్వానికి అప్లై చేశాను. ఇంటర్వ్యూ కోసం ప్రశ్నలు బట్టీ పడుతున్నాను గానీ, అసలు ఇక్కడ చట్టం ఎవరు చేస్తారో, ఇన్ని ఏజెన్సీలు ఎందుకున్నాయో తెలియడం లేదు. ఓటు లేనివాళ్లు చెప్పే మాటకు విలువ ఉంటుందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి."

వివరంగానే చెబుతాను. నేను తెనాలి నుంచి 1998లో న్యూజెర్సీ వచ్చాను. 2012లో పౌరసత్వం తీసుకున్నాను. ఆ తర్వాత మా టౌన్ ప్లానింగ్ బోర్డులో నాలుగేళ్లు సభ్యురాలిగా పనిచేశాను. లాయర్ని కాను, కాబట్టి మీ సొంత కేసులో ఏదైనా చిక్కు ఉంటే ఇమిగ్రేషన్ లాయర్నే అడగండి.

మన వాట్సాప్ గ్రూపుల్లో "కొత్త రూల్ వచ్చిందట" అని ఎవరో పెట్టగానే అందరికీ టెన్షన్ మొదలవుతుంది. అర్ధరాత్రి దాకా మెసేజ్‌లు నడుస్తాయి. ఆ రూల్ ఎవరు పెట్టారని మాత్రం ఎవరూ అడగరు. కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు, హౌస్, సెనేట్ అని రెండు సభలు) పెట్టిందా, ఏజెన్సీ (ప్రభుత్వ శాఖ) పెట్టిందా, ప్రెసిడెంట్ సంతకం చేశారా, కోర్టు చెప్పిందా? ఇన్నేళ్లలో నాకు బాగా తెలిసొచ్చింది ఇదే. రూల్ ఏ గడపలో పుట్టిందో తెలిస్తే మన మాట ఏ గడప దగ్గర చెప్పాలో తెలుస్తుంది. వేరే గడప దగ్గర ఎంత మొత్తుకున్నా వినేవాళ్లు ఉండరు.

అన్నిటికంటే పైన రాజ్యాంగం. 1787లో ఫిలడెల్ఫియాలో రాశారు, 1789లో దాని కింద ప్రభుత్వం మొదలైంది. ఏడు ఆర్టికల్స్, 27 సవరణలు, అంతే. ఒక సాయంత్రం కూర్చుంటే చదివేయొచ్చు. బట్టీ పట్టే ముందు ఒకసారి మొత్తం చదవండి. మనవాళ్లకు మరీ కొత్తగా అనిపించదు. వాళ్ల "వి ద పీపుల్" దగ్గరి చుట్టమే మన "భారత ప్రజలమైన మేము". ఒక పెద్ద తేడా కూడా ఉంది. మన రాజ్యాంగం రాసేటప్పుడు సలహాదారుగా ఉన్న బి.ఎన్. రావు 1947లో అమెరికా వచ్చి ఇక్కడి సుప్రీంకోర్టు జడ్జి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్‌ని కలిశారు. 'డ్యూ ప్రాసెస్' అన్న మాట పెడితే ప్రజలు ఎన్నుకున్న సభ చేసిన చట్టాలను కోర్టులు ఎడాపెడా కొట్టేస్తాయన్న అభిప్రాయంతో తిరిగి వెళ్లారు. అందుకే మన 21వ అధికరణలో "చట్టం నిర్దేశించిన పద్ధతి" అని ఉంటుంది. ఇక్కడ ఆ డ్యూ ప్రాసెస్ అన్న మాటే చాలా కేసులకు ప్రాణం. ప్రభుత్వం మీ దగ్గర్నుంచి ఏదైనా తీసుకోవాలంటే ముందు మీకు చెప్పాలి, మీ మాట వినాలి, ఆ పద్ధతి న్యాయంగా ఉండాలి. దాని సారం అదే.

ఓటు లేనివాళ్ల గురించి అడిగారు కదా, దానికి మొదటి జవాబు 14వ సవరణలో ఉంది. 1868 నాటిది. మొదటి వాక్యం పౌరులు ఎవరో చెబుతుంది. ఆ తర్వాత, చట్టపరమైన న్యాయమైన పద్ధతి లేకుండా ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి లాక్కోకూడదని, చట్టం రక్షణ అందరికీ సమానంగా ఉండాలని చెప్పే చోట మాత్రం 'పౌరుడు' అనలేదు, 'వ్యక్తి' అన్నారు. ఆ ఒక్క మాట ఎంత దూరం వెళ్లిందో చెప్పే కేసు ఒకటుంది. 1880లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక స్థానిక చట్టం చేశారు. చెక్క భవనంలో బట్టలుతికే దుకాణం నడపాలంటే బోర్డు అనుమతి కావాలని. కాగితం మీద అందరికీ ఒకటే రూల్. చైనా వాళ్లు సుమారు 200 మంది అడిగితే ఒక్కరికీ ఇవ్వలేదు. మిగతావాళ్లు 80 మంది దాకా అడిగితే ఒక్కరికి తప్ప అందరికీ ఇచ్చారు. యిక్ వో అనే లాండ్రీ మీద 10 డాలర్ల జరిమానా వేశారు. యజమాని కట్టనన్నాడు, జైల్లో పెట్టారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1886లో కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది: ఈ రక్షణ పౌరులకే పరిమితం కాదు, రూల్ పైకి ఎంత సమానంగా కనిపించినా అమలు వివక్షతో ఉంటే చెల్లదు. ఆ దుకాణదారుడికి ఓటు లేదు, ఆ రోజుల చట్టం ప్రకారం పౌరసత్వం వచ్చే దారీ లేదు. అయినా ఇప్పటికీ ఆ తీర్పును కోర్టుల్లో ఉదహరిస్తారు.

మన వాళ్ల కథ కూడా తెలుసుకోండి. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్‌కి పౌరసత్వం చెల్లదని 1923లో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటి చట్టంలో ఉన్న 'తెల్లవారు' అన్న మాట కిందికి ఆయన రారన్నది కారణం. అంతకుముందు పౌరసత్వం వచ్చిన భారతీయుల్లో చాలామందికి దాన్ని రద్దు చేశారు. తర్వాత ఏం జరిగిందో చూడండి. కోర్టు తలుపు మూసుకుంది కాబట్టి కాంగ్రెస్ తలుపు తట్టారు. న్యూయార్క్‌లో వ్యాపారం చేసే జె.జె. సింగ్, ఆయన నడిపిన ఇండియా లీగ్ ఆఫ్ అమెరికా ఏళ్ల తరబడి సెనేటర్లను, కాంగ్రెస్ సభ్యులను కలుస్తూ, పత్రికలకు రాస్తూ ఉన్నారు. 1946 జులైలో లూస్-సెల్లర్ చట్టం మీద ప్రెసిడెంట్ ట్రూమన్ సంతకం పెట్టారు. భారతీయులకు ఏడాదికి 100 వీసాలు, దాంతోపాటు పౌరసత్వం తీసుకునే హక్కు వచ్చాయి. రేపు మీరు చేయబోయే పౌరసత్వ ప్రమాణానికి దారి వేసింది వాళ్లే, వాళ్లలో చాలామందికి ఓటు లేదు.

ఇక రెండో మెట్టు, కాంగ్రెస్ చేసే చట్టం. మూడో మెట్టు, ఏజెన్సీ రాసే రెగ్యులేషన్. మనవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఈ రెండింటి మధ్యే. మన దగ్గర అసెంబ్లీ చట్టం చేస్తుంది, తర్వాత సెక్రటేరియట్ నుంచి రూల్స్, జీవోలు వస్తాయి కదా. ఇక్కడా దాదాపు అంతే. ఇమిగ్రేషన్‌కు మూల చట్టం 1952 నాటిది, ఎన్నోసార్లు సవరించారు. ఫలానా వీసా ఉంటుంది, ఏడాదికి ఇన్ని ఇస్తాం అని కాంగ్రెస్ రాస్తుంది. ఏ ఫారం నింపాలి, ఏ కాగితం చూపించాలి, ఎన్ని రోజులు గడువు, ఇవన్నీ ఏజెన్సీ రాస్తుంది. మీ బతుకులో రోజూ తగిలేవి ఎక్కువ ఈ ఏజెన్సీ రూల్సే. జీవోకీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. జీవో రాత్రి సంతకమై పొద్దున పేపర్లో కనిపించొచ్చు. ఇక్కడ ఫెడరల్ ఏజెన్సీ సాధారణంగా ముందు ముసాయిదా ప్రకటించాలి, జనం అభిప్రాయం తీసుకోవాలి, ముఖ్యమైన అభ్యంతరాలకు జవాబు చెప్పి ఆ తర్వాతే ఫైనల్ చేయాలి.

ఈ పద్ధతి ఊరికే రాలేదు. దాని వెనక మీ టెక్సస్ కథే ఉంది. 1930ల్లో మాంద్యం రోజులు. తూర్పు టెక్సస్‌లో నూనె బావులు విపరీతంగా తోడేస్తుంటే ధర పడిపోయింది. ఎవరెంత తోడాలో ఫెడరల్ ప్రభుత్వం ఒక కోడ్ పెట్టింది. మీరినవాళ్ల మీద కేసులు పెట్టింది. కేసు సుప్రీంకోర్టు దాకా వచ్చాక ఒక విషయం బయటపడింది. 1933 సెప్టెంబరులో ఆ కోడ్‌ని సవరించినప్పుడు, ఏ నిబంధన కింద శిక్షలు వేయాలో ఆ నిబంధనే పొరపాటున ఎగిరిపోయింది. ప్రభుత్వ లాయర్లకు తెలియదు, కంపెనీలకు తెలియదు, కింది కోర్టులకూ తెలియదు. లేని నిబంధన కింద అంతకాలం కేసులు నడిచాయి. ఎందుకంటే అప్పట్లో ఏజెన్సీల రూల్స్ అన్నీ ఒక చోట అచ్చువేసే పద్ధతే లేదు. ఆ దెబ్బతో 1935లో ఫెడరల్ రిజిస్టర్ చట్టం వచ్చింది, 1936 మార్చి నుంచి ఫెడరల్ రిజిస్టర్ వెలువడడం మొదలైంది. మన గెజిట్ లాంటిదే, పనిదినాల్లో రోజూ వస్తుంది. ఆ తర్వాత 1946లో అడ్మినిస్ట్రేటివ్ ప్రొసీజర్ యాక్ట్ వచ్చింది. ఏజెన్సీ రూల్ ఎలా రాయాలి, జనాన్ని ఎలా అడగాలి, కోర్టు ఎప్పుడు కొట్టేయొచ్చు అన్నది ఆ చట్టమే చెబుతుంది. అందులో అభిప్రాయం చెప్పే అవకాశం 'ఆసక్తి ఉన్న వ్యక్తులకు' ఇవ్వాలని ఉంది. పౌరులకు మాత్రమే అని లేదు. గ్రీన్ కార్డు వాళ్లు, హెచ్-1బీ ఉద్యోగ వీసా వాళ్లు, ఎఫ్-1 వీసా విద్యార్థులు, ఎవరైనా రాయొచ్చు.

రాస్తే ఏమవుతుంది, ఎవరు చదువుతారు అని చాలామంది అంటారు. మా ఇంట్లోనే జరిగింది చెబుతాను. చదువయ్యాక విద్యార్థులకు ఏడాది ఓపీటీ, అంటే చదివిన రంగంలో పనిచేసే అనుమతి, ఉంటుంది కదా, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) డిగ్రీ వాళ్లకు ఇంకో 17 నెలలు పొడిగింపు 2008లో ఇచ్చారు. అర్జెంటు అని చెప్పి, జనం అభిప్రాయం అడక్కుండానే పెట్టేశారు. టెక్నాలజీ ఉద్యోగుల యూనియన్ ఒకటి కోర్టుకు వెళ్లింది. 2015 ఆగస్టులో వాషింగ్టన్‌లోని ఫెడరల్ కోర్టు ఆ రూల్‌ని కొట్టేసింది. నోటీసు ఇచ్చి జనాన్ని అడగకపోవడమే కారణం. కాకపోతే వెంటనే ఆపేస్తే వేలమంది విద్యార్థులు రోడ్డున పడతారని కొంత గడువిచ్చింది. ఆ వేలమందిలో మా మేనల్లుడు ఒకడు. ఆ వారం వాడు అన్నం సరిగ్గా తినలేదు.

అక్టోబరులో కొత్త ముసాయిదా వచ్చింది, అభిప్రాయాలకు 30 రోజుల గడువు. ఒక ఆదివారం మా డైనింగ్ టేబుల్ దగ్గర ల్యాప్‌టాప్ పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. వాడు మొదట రాసింది నాలుగు లైన్లు: దయచేసి తీసేయకండి, మేం చాలా కష్టపడి వచ్చాం, అప్పులు ఉన్నాయి. అది నిజమే, కానీ అది చదివి ఏజెన్సీ ఏ లైను మార్చగలదు? ముసాయిదా తెరిచి చూస్తే, ప్రతి ఆరు నెలలకూ విద్యార్థి పని మీద మూల్యాంకనం రాసి సంతకాలు పెట్టించాలని ఉంది. వాడి కంపెనీలో అందరికీ ఏడాదికోసారే సమీక్ష. ఆరు నెలలకోసారి వీడి ఒక్కడికే ప్రత్యేకంగా రాయాలంటే మేనేజరు విసుక్కుంటాడు, చిన్న కంపెనీ అయితే ఇలాంటి వాళ్లను తీసుకోవడమే మానేస్తుంది. అదే రాశాం. ఏ పేజీలో, ఏ నిబంధన, దానివల్ల ఏమవుతుంది, బదులు ఏడాదికోసారి పెడితే ఎందుకు సరిపోతుంది. ఒకటిన్నర పేజీ.

ఆ ముసాయిదాకు 50,000కు పైగా కామెంట్లు వచ్చాయి. 2016 మార్చిలో ఫైనల్ రూల్ వచ్చింది. పొడిగింపు 24 నెలలైంది, మూల్యాంకనం ఏడాదికోసారి అయింది. వాడి ఒక్కడి కామెంటే మార్చిందని నేను అనను, అదే మాట ఎంతోమంది చెప్పి ఉంటారు. కానీ ఫైనల్ రూల్ ముందుమాటలో కామెంట్లలో ఏమేం అన్నారో, దానికి ఏజెన్సీ జవాబేంటో పేజీల కొద్దీ ఉంది. ఎవరి పేరూ ఉండదు. ఆ మూల్యాంకనం భాగం దొరికినప్పుడు మా వాడు దాన్ని గట్టిగా పైకి చదివాడు. తర్వాత ఈ కొత్త రూల్ మీద కూడా అదే యూనియన్ కేసు వేసింది. 2022లో అప్పీల్స్ కోర్టు రూల్ చెల్లుతుందంది. కేసు వేసిన వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లకు నష్టం అనిపించింది, ఉన్న దారిలో వెళ్లారు. 2008లో పద్ధతి ప్రకారం జనాన్ని అడిగి ఉంటే 2015లో విద్యార్థులకు ఆ భయం పట్టుకునేది కాదు. అందుకే మనకు నచ్చిన రూల్ దొడ్డిదారిన వచ్చినా సంబరపడకూడదని నేను మన పిల్లలకు చెబుతుంటాను.

హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబ వీసా) మీద ఉన్న కొందరు భార్యలు, భర్తలు ఉద్యోగం చేసుకునే అనుమతి కూడా ఇలాగే వచ్చింది. 2014 మేలో ముసాయిదా, దాదాపు 13,000 కామెంట్లు, 2015 ఫిబ్రవరిలో ఫైనల్ రూల్, మే 26 నుంచి అమలు. డిగ్రీలుండీ ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చున్న మన ఆడపిల్లలు ఎంతమంది ఆ రోజు తర్వాత మళ్లీ రెజ్యూమె తీశారో నాకు తెలుసు.

కామెంట్ ఎలా పెట్టాలంటే, రెగ్యులేషన్స్ డాట్ గవ్ అనే సైట్‌లో ముసాయిదా డాకెట్ నంబరుతో (దాని ఫైలుకు ఇచ్చే నంబరు) వెతకండి. గడువు సాధారణంగా 30 నుంచి 60 రోజులు. గ్రూపులో ఎవరో పంపిన ఫార్వర్డ్‌ని పేరు మార్చి పెట్టకండి. ఒకే మాటల్లో పదివేలు వచ్చినా ఏజెన్సీ వాటిని కట్టగట్టి ఒకే వాదనగా చూస్తుంది. మీ అనుభవం, మీ లెక్కలు, మీరు సూచించే మార్పు, ఇవి రాయండి. కామెంట్ అందరికీ కనిపిస్తుంది, కాబట్టి పాస్‌పోర్ట్ నంబరు, ఏ-నంబరు (ఇమిగ్రేషన్ ఫైలు నంబరు), ఇంటి అడ్రసు పెట్టకండి. పేరు ఇవ్వడానికి భయమైతే పేరు లేకుండా పెట్టే అవకాశం కూడా ఆ సైట్‌లో ఉంటుంది.

ఇప్పుడు వేరే గడప సంగతి. గ్రీన్ కార్డు క్యూ గురించి మనవాళ్లు దరఖాస్తులు చూసే ఏజెన్సీ యూఎస్‌సీఐఎస్‌ని తిట్టుకుంటారు. ఏ దేశానికీ ఏడు శాతం దాటకూడదన్నది, ఉద్యోగం మీద ఇచ్చేవి ఏడాదికి సుమారు 1,40,000 అన్నది కాంగ్రెస్ చట్టంలో ఉన్నాయి. హెచ్-1బీకి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా 20,000, ఇదీ చట్టమే. ఏ ఏజెన్సీ అధికారికీ వాటిని మార్చే అధికారం లేదు. అంతకంటే ఎక్కువమంది అడిగితే లాటరీ ఎలా తీయాలన్నది మాత్రం రెగ్యులేషన్. ఒకే మనిషికి నాలుగు కంపెనీలు రిజిస్ట్రేషన్ పెట్టి అవకాశాలు పెంచుకునే పద్ధతిని 2024లో ఏజెన్సీయే రూల్ మార్చి ఆపింది. దేశాల పరిమితి ఎత్తేసే బిల్లును 2019 జులైలో హౌస్ 365-65 ఓట్లతో పాస్ చేసింది. సెనేట్ 2020 డిసెంబరులో వేరే రూపంలో పాస్ చేసింది. రెండూ ఒకటయ్యేలోపే ఆ కాంగ్రెస్ గడువు ముగిసింది, అంతా మళ్లీ మొదటికొచ్చింది. అప్పటికి అంత దూరం రావడం వెనక క్యూలో ఉన్నవాళ్లే సొంత ఖర్చుతో వాషింగ్టన్ వెళ్లి ఆఫీసు ఆఫీసుకీ తిరిగిన శ్రమ ఉంది.

ఇంకో రకం, ప్రెసిడెంట్ ప్రకటనలు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ పిటిషన్లకు లక్ష డాలర్లు అన్నది అలా వచ్చిందే. కామెంట్లు అడగలేదు, ముసాయిదా లేదు. అలాంటి వాటిని ప్రశ్నించే చోటు కోర్టు. దాని మీద కేసులు పడ్డాయి కూడా.

ఏజెన్సీల పేర్లు మీకు గందరగోళంగా ఉండడంలో ఆశ్చర్యం లేదు. పాత ఇమిగ్రేషన్ ఏజెన్సీ ఐఎన్‌ఎస్‌ని 2003లో మూడు ముక్కలు చేసి కొత్తగా పెట్టిన హోంల్యాండ్ సెక్యూరిటీ కిందికి తెచ్చారు. దరఖాస్తులు చూసేది యూఎస్‌సీఐఎస్, ఎయిర్‌పోర్టులో స్టాంపు వేసేది సీబీపీ, లోపల అరెస్టులు, పంపించేయడాలు చూసేది ఐస్. గ్రీన్ కార్డు కోసం మీ కంపెనీ తీసుకునే లేబర్ సర్టిఫికేషన్ లేబర్ డిపార్ట్‌మెంట్‌ది. గ్రీన్ కార్డు క్యూలో ఎవరి వంతు వచ్చిందో చెప్పే, ప్రతి నెలా మీరు ఎదురుచూసిన వీసా బులెటిన్ స్టేట్ డిపార్ట్‌మెంట్‌ది. ఇమిగ్రేషన్ జడ్జి అంటే కోర్టు జడ్జి అనుకుంటారు గానీ, ఆయన జస్టిస్ డిపార్ట్‌మెంట్ ఉద్యోగి. రాజ్యాంగంలోని మూడో ఆర్టికల్ కింద జీవితకాలం పదవిలో ఉండే జడ్జి వేరు. చట్టంలో మాట అస్పష్టంగా ఉంటే ఏజెన్సీ చెప్పిన అర్థాన్నే కోర్టులు చాలావరకు ఒప్పుకోవాలన్న పద్ధతి 1984 నుంచి ఉండేది. 2024 జూన్‌లో లోపర్ బ్రైట్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని తీసేసింది. ఇప్పుడు అర్థం చెప్పే పని జడ్జీలదే.

మీకు తక్షణం పనికొచ్చే రెండు సంగతులు. ఒకటి, మీ హౌస్ సభ్యుడి స్థానిక ఆఫీసు. ఒక్కో సభ్యుడికి సుమారు ఏడున్నర లక్షల జనం ఉంటారు, ఆ లెక్కలో ఓటు లేనివాళ్లూ ఉన్నారు. 14వ సవరణే సీట్లు పంచేటప్పుడు 'వ్యక్తులందరినీ' లెక్కపెట్టమంది. ఏదైనా ఏజెన్సీ దగ్గర మీ ఫైలు నెలల తరబడి కదలకపోతే, ఆ ఆఫీసుకు ఫోన్ చేసి, ప్రైవసీ ఫారం మీద సంతకం చేసి ఇస్తే, వాళ్లు ఏజెన్సీని అడుగుతారు. పౌరసత్వం ఉందా అని చూడరు, వాళ్ల నియోజకవర్గంలో ఉంటున్నారా అనే చూస్తారు. ఫలితం మారుతుందని హామీ లేదు, కానీ ఫైలు ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.

రెండోది సమాచార హక్కు. మన దగ్గర 2005లో వచ్చింది, ఇక్కడ 1966లో వచ్చింది. ఫోయా అంటారు. నేను అప్పట్లో పనిచేసిన కంపెనీ నా ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ నా తరఫున పెట్టిన పిటిషన్) కాపీ ఇవ్వనంది. ఇస్తే వేరే కంపెనీకి వెళ్లిపోతానని వాళ్ల భయం. మూడేళ్లు అడిగి అడిగి అలిసిపోయాక ఒక స్నేహితురాలు చెబితే, నా పేరు మీదే ఫోయా దరఖాస్తు పెట్టాను. కొన్ని నెలలకు కాపీ పోస్టులో వచ్చింది. ఆ కవరు చింపేటప్పుడు నా చేతులు వణికాయి. ప్రభుత్వం దగ్గర నా గురించి ఉన్న కాగితం అడిగే హక్కు నాకుందని మొదటిసారి నిజంగా నమ్మింది ఆ రోజే.

ఇక అందరూ వదిలేసే గడప, మన ఊరు. అమెరికాలో స్థానిక ప్రభుత్వాలు 90 వేలకు పైగా ఉన్నాయి: కౌంటీలు, సిటీలు, టౌన్‌షిప్‌లు, స్కూల్ డిస్ట్రిక్టులు, నీళ్లకు, ఫైర్ సర్వీసులకు వేరేగా ఉండే డిస్ట్రిక్టులు. ఒక మాట గుర్తుంచుకోండి. మన దగ్గర ఆర్డినెన్స్ అంటే సభ లేనప్పుడు రాష్ట్రపతో గవర్నరో జారీ చేసేది. ఇక్కడ ఆర్డినెన్స్ అంటే మీ టౌన్ కౌన్సిల్ చేసే స్థానిక చట్టం. మీ వీధిలో పార్కింగ్, మీ పెరట్లో కంచె ఎత్తు, ఇంటి పక్కన ఏం కట్టొచ్చు, అన్నీ అందులోనే.

నేను బోర్డులో ఉన్నప్పుడు ఒక గిడ్డంగి దరఖాస్తు వచ్చింది. పక్కనే స్కూలుకి పిల్లలు నడిచే రోడ్డు. న్యూజెర్సీ చట్టం ప్రకారం 200 అడుగుల లోపు ఇళ్లవాళ్లకు కనీసం పది రోజుల ముందు నోటీసు వెళ్లాలి. హాలు నిండింది. ప్లానింగ్ బోర్డు ముందు మాట్లాడేవాళ్లు చేయెత్తి ప్రమాణం చేయాలి, ఎందుకంటే అది సాక్ష్యంగా రికార్డులోకి వెళ్తుంది. చాలామంది వచ్చి, మాకు వద్దు, ట్రాఫిక్ పెరుగుతుంది, ఇళ్ల ధరలు పడిపోతాయి అని కోపంగా చెప్పి వెళ్లారు. వాళ్ల బాధ నాకు అర్థమైంది. కానీ ఆ స్థలం గిడ్డంగులకు కేటాయించిన జోన్‌లో ఉంది. మాకు వద్దు అన్న కారణంతో బోర్డు కాదంటే కోర్టులో నిలబడదు.

చివర్లో మన వైపు పెద్దాయన ఒకరు లేచారు. కొడుకు దగ్గర ఉంటున్నారు, గ్రీన్ కార్డు మీద ఉన్నారు, ఇంగ్లీషు అంత ధారాళంగా రాదు. చేతిలో చిన్నపిల్లల రూళ్ల నోటుబుక్కు. రెండు వారాలు పొద్దున ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఆ మలుపు దగ్గర నిలబడి, ఎన్ని లారీలు తిరిగాయి, ఎంతమంది పిల్లలు దాటారు, ఎన్నిసార్లు లారీ వెనక చక్రం ఫుట్‌పాత్ అంచు ఎక్కింది, రోజువారీగా రాసుకొచ్చారు. కంపెనీ ట్రాఫిక్ ఇంజనీరు రిపోర్టులో లెక్కలు తీసింది స్కూలు సెలవుల వారంలో. ఆయన తేదీలు చదివితే ఆ సంగతి బయటపడింది. హాలంతా నిశ్శబ్దం. బోర్డు లాయరు ఆ నోటుబుక్కు పేజీలను ఎగ్జిబిట్‌గా నంబరు వేయించారు. హియరింగ్ వాయిదా పడింది, మళ్లీ లెక్క తీయించాం. చివరికి అనుమతి ఇచ్చాం. కానీ స్కూలు వేళల్లో ఆ గేటు నుంచి లారీలు రాకూడదని, మలుపు వెడల్పు చేసి ఫుట్‌పాత్ కంపెనీయే కట్టాలని షరతులు పెట్టాం. ఆ ఫుట్‌పాత్ మీద ఇప్పుడు పిల్లలు నడుస్తున్నారు.

మీ టెక్సస్‌లో పద్ధతులు కొంత వేరు. అయితే అజెండాలో ఉన్న అంశం మీద జనాన్ని మాట్లాడనివ్వాలని 2019 నుంచి అక్కడా చట్టం ఉంది. రాష్ట్ర చట్టసభ బేసి సంవత్సరాల్లో 140 రోజులే మామూలుగా కూర్చుంటుంది, కాబట్టి ఆస్టిన్‌లో చెప్పాల్సింది ఉంటే ఆ నెలల్లోనే చెప్పాలి.

కొన్ని జాగ్రత్తలు. ఇవి చాలా ముఖ్యం. ప్రమాణం అయ్యేదాకా ఓటు నమోదు జోలికి వెళ్లకండి. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఓటరుగా నమోదు చేయమంటారా అని అడుగుతారు, 1993 చట్టం ప్రకారం వాళ్లు అడగాలి. అలవాటులో సరే అని టిక్ పెట్టినా, పౌరుణ్ని అని సంతకం చేసినా, పొరపాటున జరిగిందని చెప్పినా, దేశం నుంచి పంపించేసేదాకా వెళ్లొచ్చు. జ్యూరీకి (కోర్టు కేసుల్లో తీర్పు చెప్పే పౌరుల బృందం) రమ్మని ఉత్తరం వస్తే చెత్తబుట్టలో వేయకండి. పౌరుణ్ని కాదు అన్న గడి నింపి తిరిగి పంపండి. ఎన్నికల విరాళాలు గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు. హెచ్-1బీ, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు, స్కూల్ బోర్డు ఎన్నికకైనా సరే. డబ్బు తీసుకోకుండా స్వచ్ఛందంగా ప్రచారంలో పనిచేయడం మాత్రం వాళ్లకూ తప్పు కాదు.

పరీక్ష విషయం. 2025 అక్టోబరు 20న గానీ ఆ తర్వాత గానీ దరఖాస్తు పెట్టినవాళ్లకు 128 ప్రశ్నల కొత్త జాబితా. 20 అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. అంతకుముందు పెట్టినవాళ్లకు పాత 100 ప్రశ్నలు, పదికి ఆరు. మీరు ఏ తేదీన పెట్టారో రసీదు చూసుకుని దాన్నే చదవండి. ఆ జాబితాలో పౌర భాగస్వామ్యానికి రెండు ఉదాహరణలు చెప్పమనే ప్రశ్న ఉంటుంది. ఓటు వేయడం ఒకటి. మిగతా జవాబుల్లో ప్రజాప్రతినిధికి మీ అభిప్రాయం చెప్పడం, ఒక విషయాన్ని బహిరంగంగా సమర్థించడం లేదా వ్యతిరేకించడం, సంఘంలో చేరడం, పత్రికకు రాయడం కూడా ఉన్నాయి. వీటికి ప్రమాణం దాకా ఆగాల్సిన పని లేదు.

ఈ వారం మీ సిటీ వెబ్‌సైట్‌లో కౌన్సిల్ మీటింగ్ అజెండా తెరవండి. మీ జిప్ కోడ్‌కు సంబంధించిన అంశం ఒక్కటైనా ఉంటుంది. ఒక సాయంత్రం వెళ్లి వెనక వరసలో కూర్చోండి, మొదటిసారి మాట్లాడకపోయినా ఫర్వాలేదు. ఎవరు ఏం మాట్లాడితే కౌన్సిల్ సభ్యులు పెన్ను తీసి రాసుకుంటున్నారో గమనించండి. ఇంటర్వ్యూ అయ్యాక ఇక్కడే ఒక మాట రాయండి, ఎదురుచూస్తుంటాను.